ఇద్దరు ఆడిటర్లు, ఒకే నెట్‌వర్క్, రెండు రిస్క్ స్కోర్లు: ఎవరి మాట పట్టుకోవాలి?

నల్లగొండ_నెట్‌వర్క్:
అందరికీ నమస్తే. నల్లగొండలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకుంటాను. ఆసుపత్రి పేరు అడగకండి.

మా సీటీ స్కాన్ మెషిన్‌కు కట్టిన కంప్యూటర్ ఇప్పటికీ విండోస్ 7 మీదే నడుస్తోంది. మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేసింది 2020 జనవరి 14న. మెషిన్ కంపెనీ వాళ్లేమో అందులో యాంటీవైరస్ వేసినా, అప్‌డేట్ చేసినా ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ ఒప్పందం) చెల్లదంటారు. ఆ కంప్యూటర్, బిల్లింగ్, ల్యాబ్, ఆరోగ్యశ్రీ కౌంటర్, స్కాన్లు దాచే ప్యాక్స్ సర్వర్ అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. మధ్యలో అడ్డుగోడ ఏదీ లేదు.

మొన్న సెక్యూరిటీ ఆడిట్ చేయించాం. మొదటాయన రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) రిస్క్ 25కి 20, 'హై', అవకాశం 40 శాతం అని రాశారు. ఛైర్మన్ డాక్టర్ గారు భయపడి ఇంకొకరిని పిలిపించారు. ఆయన 25కి 8, 'మీడియం', 10 శాతం అన్నారు. ఇద్దరూ చూసింది అవే కంప్యూటర్లను, మాట్లాడింది నాతోనే. "ఇద్దరూ సర్టిఫికెట్లు ఉన్నోళ్లే గదా, ఒకాయన నాలుగు రెట్లు ఎక్కువ చెప్పుడేంది?" అని ఛైర్మన్ గారు నన్ను పట్టుకున్నారు. పెద్ద ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోకి వచ్చేపోయే వాటిని వడకట్టే పరికరం) కొనాలా వద్దా అన్నది దీని మీదే ఆగింది. టెన్షన్ అంతా నాకే. ఎవరిది నమ్మాలి?

మిల్లు_సిస్టమ్స్ (మిర్యాలగూడ):
40 అన్నాయన ఫైర్‌వాల్ కూడా అమ్ముతాడా? ముందు అది చెప్పు తమ్ముడూ.

నల్లగొండ_నెట్‌వర్క్:
ఆయన అమ్మరన్నా. "మాకు తెలిసిన డీలర్ ఉన్నాడు" అన్నారంతే.

మిల్లు_సిస్టమ్స్:
అయితే నాకు జవాబు దొరికింది.

పాలమూరు_పెన్‌టెస్టర్:
అంత తొందరెందుకన్నా. రెండో ఆయనను కూడా అలాగే అనుమానించొచ్చు. 'హై' అని రాస్తే క్లయింట్ మొహం మాడుతుంది, వచ్చే ఏడాది ఇంకొకరిని పిలుస్తారు. తగ్గించి రాయడంలోనూ లాభం ఉంది. నేను హైదరాబాద్‌లో ఇదే పని చేస్తాను, రెండు రకాల వాళ్లనూ చూశాను.

థ్రెడ్ మొదలుపెట్టిన ఓపీ గారూ, నాకు అంతకంటే ముందు డౌట్ వేరే ఉంది. "రాన్సమ్‌వేర్ రిస్క్" అని ఆ రిపోర్టుల్లో రాసిన వాక్యం యథాతథంగా ఇక్కడ పెట్టగలరా? ఎన్నాళ్లలో? ఒక్క కంప్యూటర్‌కా, ఆసుపత్రి మొత్తానికా? వైరస్ లోపలికి రావడమా, పని ఆగిపోవడమా?

నల్లగొండ_నెట్‌వర్క్:
మొదటిది: "ఇమేజింగ్ సిస్టమ్స్‌కు రాన్సమ్‌వేర్ సోకే అవకాశం గణనీయం, 40 శాతం." రెండోది: "రాన్సమ్‌వేర్ వల్ల సేవలకు అంతరాయం, 10 శాతం." గడువు ఎవరూ రాయలేదు.

లెక్కల_మేడమ్ (మహబూబ్‌నగర్):
డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. సెక్యూరిటీ నా సబ్జెక్ట్ కాదు, అంచనాల సంగతి మాత్రం కొంచెం తెలుసు.

వాళ్లిద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పారని మీరు అనుకుంటున్నారు. ఆ రెండు వాక్యాలు చదివితే నాకలా అనిపించలేదు. ఒకరు సోకడం గురించి చెప్పారు, ఇంకొకరు పని ఆగడం గురించి. పైగా గడువు లేని శాతానికి అర్థమే లేదు.

ఇద్దరికీ ఒకే మెయిల్ పంపండి. ప్రశ్న ఒక్కటే ఉండాలి: "వచ్చే 12 నెలల్లో రాన్సమ్‌వేర్ వల్ల మా ఆసుపత్రిలో బిల్లింగ్ గానీ స్కానింగ్ గానీ 24 గంటలకు మించి ఆగిపోయే అవకాశం ఎంత?" ఒక్క అంకె అడగకండి, మూడు అడగండి. ఇంతకంటే తక్కువ ఉండదనేది, ఇంతకంటే ఎక్కువ ఉండదనేది, మధ్యలో తమకు సరిగ్గా తోచేది. ఒకరి జవాబు ఇంకొకరికి చూపించొద్దు. కిందనే ఇంకో ప్రశ్న కూడా రాయండి: "ఏ విషయం తెలిస్తే మీ కింది అంకె, పై అంకె దగ్గరవుతాయి?" నాకు అన్నింటికంటే ముఖ్యం ఆ చివరి ప్రశ్న.

మిల్లు_సిస్టమ్స్:
మేడమ్, ఒక్క ఊహకే దిక్కు లేదు, మూడు ఊహలు అడగమంటారా?

లెక్కల_మేడమ్:
ఒక్క అంకె ఇచ్చినప్పుడు ఆ మనిషికి ఎంత తెలుసో, ఎంత తెలియదో మనకు కనబడదు. 10 శాతం అన్నాయన మనసులో 8 నుంచి 12 ఉందా, 1 నుంచి 50 ఉందా? రెండింటికీ రిపోర్టులో '10' అనే ఉంటుంది.

అచ్చంపేట_అబ్బాయి:
అన్నా, సెక్యూరిటీ ఆడిట్‌లో ఫ్రెషర్లకు జాబులు ఉంటాయా? సర్టిఫికెట్ ఏది చేస్తే బెటర్?

వేదిక_మోడరేటర్:
తమ్ముడూ, దానికి ఉద్యోగాల విభాగంలో వేరే థ్రెడ్ తెరువు. ఇక్కడ విషయం పక్కదారి పట్టొద్దు.

సూర్యాపేట_స్కానింగ్:
నేను సీటీ టెక్నీషియన్‌ని. ఆడిటర్లు మా గదిలోకి వస్తారు, ఏసీ బాగుందంటారు, కంప్యూటర్ ఫోటో తీసుకుని పోతారు. అక్కడ రోజూ ఏం జరుగుతుందో ఎవరూ అడగరు కాబట్టి చెబుతున్నాను.

ఒకటి, రాత్రి మెషిన్‌లో ఎర్రర్ వస్తే కంపెనీ ఇంజినీర్ ఎనీడెస్క్‌లో (దూరం నుంచే కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) వచ్చి సరిచేస్తాడు. ఆ ఎనీడెస్క్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఆపితే మళ్లీ అర్ధరాత్రి ఎవరో ఒకరు వచ్చి ఆన్ చేయాలి, అందుకని ఎవరూ ఆపరు. పాస్‌వర్డ్ చీటీ మానిటర్ కింద టేపుతో అంటించి ఉంటుంది.

రెండు, పేషెంట్ బంధువులు హైదరాబాద్‌లో తీయించిన పాత స్కాన్ పెన్‌డ్రైవ్‌లో తెస్తారు. రేడియాలజిస్ట్ గారు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలంటారు. ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నది ఈ కంప్యూటర్ ఒక్కదాంట్లోనే. పెన్‌డ్రైవ్ ఇంకెక్కడ పెడతాం? యాక్సిడెంట్ కేసు టేబుల్ మీద ఉన్నప్పుడు "ముందు వైరస్ స్కాన్ చేసుకొస్తా ఆగండి" అని ఎవరంటారు?

మా దగ్గర సంగతి ఇది. నల్లగొండలో ఇంతకంటే వేరుగా ఉంటుందని నేననుకోను.

పాలమూరు_పెన్‌టెస్టర్:
అక్కా, ఈ పోస్ట్ ఒక్కటి చాలా రిపోర్టుల పెట్టు. ఆడిటర్ ఇచ్చే అంకె ఆయన తెలివి మీద ఎంత ఆధారపడుతుందో, ఆ గదిలో ఎవరితో మాట్లాడాడన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది. ఎనీడెస్క్ ఎప్పుడూ ఆన్‌లో ఉందని మొదటాయనకు తెలిసి, రెండో ఆయనకు తెలియకపోతే తేడా అక్కడే వచ్చేస్తుంది. దాన్ని అభిప్రాయభేదం అనలేం. ఒకరి దగ్గర సమాచారం తక్కువ, అంతే.

నల్లగొండ_నెట్‌వర్క్:
అక్కా, మా దగ్గర చీటీ కీబోర్డ్ కింద ఉంటుంది. మిగతాదంతా సేమ్.

కృష్ణా_తీరం (గద్వాల):
సహకార బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ముందుగా, ఆసుపత్రిలో 'ప్యాక్స్' ఏమిటని కాసేపు తికమకపడ్డాను. మాకు ప్యాక్స్ అంటే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం! మీది స్కాన్లు దాచే సర్వర్ అన్నమాట. సరే.

బ్యాంకుల వైపు నుంచి ఒక మాట చెబుతాను. రిస్క్ అంటే మన గోడల లోపల ఉండేదే అని ఆడిటర్లూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం. 2024 జులై చివర్లో సీ-ఎడ్జ్ అనే కంపెనీకి రాన్సమ్‌వేర్ దెబ్బ తగిలితే, దాని సాఫ్ట్‌వేర్ మీద నడిచే దాదాపు 300 చిన్న బ్యాంకులను, యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ తాత్కాలికంగా చెల్లింపుల వ్యవస్థ నుంచి పక్కన పెట్టింది. వాటిలో సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు ఎక్కువ. ఆ బ్యాంకుల మేనేజర్లు తమ బ్రాంచి ఎంత జాగ్రత్తగా ఉందో చూసి అంకె వేసి ఉంటే ఆ అంకె ఎందుకు పనికొచ్చేది? దెబ్బ వేరే చోట తగిలింది, యూపీఐ ఆగింది తమ ఖాతాదారులకు.

2018 ఆగస్టులో పుణెలో కాస్మోస్ బ్యాంకు నుంచి 94 కోట్లు పోయాయి. అందులో ఎక్కువ సొమ్ము నకిలీ కార్డులతో 28 దేశాల ఏటీఎంల్లో తీశారు. ఆ ముందు రోజు ఏ నిపుణుణ్ని అడిగినా "28 దేశాల్లో ఒకేసారి" అనే మాట నోట్లోంచి వచ్చేదా? అందుకే మేడమ్ గారు చెప్పిన పై అంకె ముఖ్యం. జనం దాన్ని సిగ్గుపడి తగ్గించి చెబుతారు.

ఇంకొకటి. మా సర్వీసులో బోరు అప్పులు చాలా ఇచ్చాం. పాయింట్ చూసేవాడు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగి, "ఇక్కడ 200 అడుగుల్లో రెండించుల నీళ్లు" అని ఢంకా బజాయించి చెప్పేవాడు. నీళ్లు పడిన బోర్ల కథలు ఊరంతా చెప్పుకునేవారు. పడనివి మాత్రం మా లెడ్జర్‌లో రైతు పేరు మీద ఉండేవి. పాయింట్ చూసినవాడి పేరు మీద ఎక్కడా రాసి ఉండేది కాదు. ఈ ఆడిటర్లు ఇదివరకు చెప్పిన వాటిలో ఎన్ని జరిగాయో ఎవరైనా రాసి పెట్టారా?

మిల్లు_సిస్టమ్స్:
పెద్దాయన అసలు మాట అన్నారు. లేదు, ఎవరూ రాయరు.

లెక్కల_మేడమ్:
కృష్ణా తీరం సార్ అడిగిన దానికి కొలత ఉంది. 1950లో గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఇచ్చాడు. ఎంత శాతం చెప్పారో, జరిగిందా లేదా చూసి, రెండింటి తేడాను వర్గం చేస్తారు. 70 శాతం అన్నది జరిగితే తప్పు 0.09, జరగకపోతే 0.49. చాలా అంచనాల మీద సగటు తీస్తే మనిషి సంగతి తెలుస్తుంది. వాతావరణం వాళ్లు ఇందులో బాగా రాణించడానికి కారణం ఉంది. వాన పడిందో లేదో మర్నాటికల్లా తేలిపోతుంది. సెక్యూరిటీ ఆడిటర్ రిపోర్ట్ ఇచ్చి వెళ్లాక ఆ ఆసుపత్రికి ఏమైందో ఆయనకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. నిజంగా దాడి జరిగితే అసలే చెప్పరు, దాచుకుంటారు. దిద్దేవారు లేనప్పుడు అనుభవం పెరుగుతుంది గానీ అంచనా మెరుగుపడుతుందన్న గ్యారంటీ లేదు.

జనం తమ పరిధిని ఎంత ఇరుకుగా చెబుతారో కూడా పరీక్షించారు. ఆల్పర్ట్, రైఫా అనే ఇద్దరు హార్వర్డ్‌లో ఎంబీఏ విద్యార్థులను అడిగారు. అసలు జవాబు బయట పడే అవకాశం నూటికి రెండే ఉండేంత వెడల్పైన పరిధి ఇవ్వమన్నారు. నూటికి 40కి పైగా బయట పడ్డాయి.

అచ్చంపేట_అబ్బాయి:
సాఫ్ట్‌వేర్ లోపాలకు వేసే సీవీఎస్ఎస్ స్కోర్ ఉంది కదా మేడమ్, 0 నుంచి 10 దాకా. అది ఫార్ములా. అందులో మనిషి ఊహ ఉండదు కదా?

పాలమూరు_పెన్‌టెస్టర్:
మంచి ప్రశ్న తమ్ముడూ. ఫార్ములానే, కానీ అందులో వేసే విలువలను మనిషే ఎంచుకుంటాడు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అని ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో (వెబ్‌సైట్లు సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే సాఫ్ట్‌వేర్) లోపం బయటపడింది. సర్వర్ మెమరీలోంచి పాస్‌వర్డ్‌లు, ప్రైవేట్ కీలు కూడా బయటికి లాగొచ్చు. ప్రపంచమంతా నిద్ర మానుకుని దాన్ని సరిచేసుకుంది. అప్పటి సీవీఎస్ఎస్ రెండో వెర్షన్‌లో దానికి అమెరికా జాతీయ లోపాల డేటాబేస్ ఇచ్చింది 10కి 5. రహస్యాలు 'కొంత' బయటపడతాయి, డేటా మారదు, సర్వర్ ఆగదు అని ఒక్కో గడి నిజాయితీగా నింపితే వచ్చిన అంకె అది. మూడో వెర్షన్ లెక్కలో అదే లోపానికి 7.5.

అదీగాక సీవీఎస్ఎస్ చెప్పేది లోపం తీవ్రత. నీ ఊళ్లో, నీ నెట్‌వర్క్‌లో దాన్ని ఎవరైనా వాడతారా అన్నది అది చెప్పదు. దానికి ఈపీఎస్ఎస్ అని వేరే ఉంది. వచ్చే 30 రోజుల్లో ఆ లోపాన్ని ఎక్కడైనా వాడే అవకాశం ఎంతో శాతంలో ఇస్తుంది. అది ప్రపంచం మొత్తానికి వేసిన అంచనా, కీబోర్డ్ కింద చీటీ ఉందని దానికి తెలియదు.

మిల్లు_సిస్టమ్స్:
మీరందరూ ఎంత చెప్పినా ఒక ముక్క. బ్యాకప్ తీసుకోండి, పాస్‌వర్డ్ మార్చండి, అయిపోయింది. దీనికి ఇన్ని అంకెలు దేనికి? మా మిల్లులో ఇన్నేళ్లుగా ఏం కాలేదు.

పాలమూరు_పెన్‌టెస్టర్:
వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ 2017 మే 12న మొదలైంది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల ట్రస్టులు 236 ఉంటే కనీసం 81కి దాని దెబ్బ తగిలింది. మే 11న వాళ్లను అడిగితే వాళ్లూ "ఇన్నేళ్లుగా ఏం కాలేదు" అనేవారే. అయితే బ్యాకప్, పాస్‌వర్డ్ విషయంలో నేను మీ పక్షమే అన్నా.

నల్లగొండ_నెట్‌వర్క్:
జవాబులు వచ్చాయి. మేడమ్ మెయిల్ యథాతథంగా పంపాను.

మొదటాయన ముందు ఫోన్ చేసి "పరిధి అంటే మేం కాగితం మీద ఇవ్వం" అన్నారు. తర్వాత ఒప్పుకున్నారు. ఆయన 40 శాతం అన్నది మెషిన్ మిగతా జీవితకాలానికట, అంటే ఐదేళ్లకు. మూడు అంకెలు కూడా ఐదేళ్లకే ఇచ్చారు: 15, 40, 75.

రెండో ఆయనది ఒక్క ఏడాదికి: 2, 10, 30.

ఏడాదికీ ఐదేళ్లకూ ఎలా పోల్చాలి మేడమ్?

లెక్కల_మేడమ్:
ఏడాదికి 10 శాతం అంటే ఆ ఏడాది ఏమీ కాకుండా గడిచే అవకాశం 0.9. ఐదేళ్లూ ఏమీ కాకుండా గడవాలంటే 0.9ని ఐదుసార్లు గుణించాలి, 0.59 వస్తుంది. అంటే ఐదేళ్లలో ఒక్కసారైనా జరిగే అవకాశం 41 శాతం. ప్రతి ఏడాదీ ఒకేలా ఉంటుందని అనుకుంటేనే ఈ లెక్క చెల్లుతుంది.

మీ ఛైర్మన్ గారికి చెప్పండి, ఇద్దరూ చెప్పింది ఒకటే. 40 అన్నా, 10 అన్నా.

అంచులు కూడా చూడండి. ఏడాదికి 2 అంటే ఐదేళ్లకు దాదాపు 10, ఏడాదికి 30 అంటే ఐదేళ్లకు 83. రెండో ఆయన పరిధి 10 నుంచి 83 అయింది, మొదటాయనది 15 నుంచి 75. 'మీడియం' అని రాసినాయనకే సందేహం కాస్త ఎక్కువ ఉంది.

మిల్లు_సిస్టమ్స్:
10 నుంచి 83! దీన్ని తెలుగులో 'నాకు తెలియదు' అంటారు.

కృష్ణా_తీరం:
తెలియదని ఒప్పుకునే నిపుణుడికి ఫీజు ఇవ్వడానికి మనకు మనసొప్పదు. అదే అసలు గొడవ.

పాలమూరు_పెన్‌టెస్టర్:
సార్ అన్న దానికి నా వైపు నుంచి కొంచెం కలుపుతాను. నేను రిపోర్ట్‌లో "5 నుంచి 40" అని రాస్తే క్లయింట్ మీటింగ్‌లో మొదటి మాట "ఈయనకు పని రాదా?" అని. పక్క కంపెనీ వాడు "37 శాతం" అని రాసిస్తాడు, మేనేజ్‌మెంట్ తృప్తిగా తల ఊపుతుంది. ఆ 37 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లు లేరు. చాలాసార్లు ఐదు గడుల పట్టికలో 'అవకాశం 4' అని ఒకరు, 'ప్రభావం 5' అని ఇంకొకరు వేసి గుణిస్తారు, 20 వస్తుంది. అవి వరుస సంఖ్యలు, తూకాలు కావు. ఒకటో ర్యాంకును రెండో ర్యాంకుతో గుణించడానికి అర్థం లేనట్టే దీనికీ లేదు. అవకాశం 2, ప్రభావం 4 అయినా 8 వస్తుంది. అవకాశం 4, ప్రభావం 2 అయినా 8 వస్తుంది. రోజూ వచ్చే చిన్న తలనొప్పీ, ఎప్పుడో వచ్చి ఆసుపత్రిని మూయించేదీ ఒకే గడిలో కూర్చుంటాయి.

సీనియర్లు ఖచ్చితంగా మాట్లాడటం నేర్చుకున్నది క్లయింట్ల దగ్గరే. జూనియర్ "సార్, ఇది నాకు సరిగ్గా తెలియడం లేదు" అంటే, "రిపోర్ట్‌లో అలా రాయొద్దు" అని మొదటి నెలలోనే చెబుతారు. అందుకని ఓపీ గారూ, ఆ ఇద్దరూ మూడు అంకెలు రాసిచ్చారంటే వాళ్లకు నా తరఫున థాంక్స్ చెప్పండి. ఇంతకీ చివరి ప్రశ్నకు ఏమన్నారు?

నల్లగొండ_నెట్‌వర్క్:
మొదటాయన "మరింత లోతైన ఆడిట్ చేస్తే తెలుస్తుంది" అని కొటేషన్ జత చేశారు.

రెండో ఆయన రెండు లైన్లు రాశారు. "స్కానర్ కంపెనీ వాళ్ల రిమోట్ పాస్‌వర్డ్ మీ ఆసుపత్రికి ప్రత్యేకమా, అన్నిచోట్లా ఒకటేనా తెలియదు. మీ బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవడం ఎప్పుడైనా ప్రయత్నించారా, తెలియదు."

సూర్యాపేట_స్కానింగ్:
పాస్‌వర్డ్ అన్నిచోట్లా ఒకటే అయి ఉంటుంది, చూడండి.

లెక్కల_మేడమ్:
రెండో ఆయన జవాబు చాలా విలువైనది. అనిశ్చితి రెండు రకాలు. ఏ దొంగ ఏ రోజు ఏ ఆసుపత్రిని ఎంచుకుంటాడన్నది ఎంత డబ్బు పెట్టినా తెలుసుకోలేం. పాస్‌వర్డ్ ఒకటేనా అన్నది ఒక ఫోన్ కాల్‌తో తెలిసిపోతుంది. ఒక్క అంకెలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. పరిధి, దాని కింద కారణం రాయిస్తే విడిపోతాయి. 10 నుంచి 83 అని నవ్వకండి మిల్లు గారూ, అందులో ఎంత భాగం ఫోన్ కాల్‌తో పోతుందో చూద్దాం.

నల్లగొండ_నెట్‌వర్క్:
ఫోన్ చేశాను. ఆ ఇంజినీర్ నవ్వి, "ఏ సెంటర్‌ది ఏదో గుర్తుపెట్టుకోవడం కష్టం సార్, అన్నిటికీ ఒకటే పెట్టాం" అన్నాడు. మా జిల్లాలోనే కాదు, ఆయన చూసే అన్ని ఊళ్లకూ. సూర్యాపేట అక్క చెప్పిందే నిజం.

ఈ మాట ఇద్దరు ఆడిటర్లకూ రాశాను. రెండో ఆయన అంకెలు ఏడాదికి 8, 18, 35 అయ్యాయి. మొదటాయన తనవి మార్చలేదు.

కృష్ణా_తీరం:
అంటే కింది అంచు పైకి జరిగింది. మంచిది. మన కీబోర్డ్ కింద చీటీ తీసేసినా, ఇంకెక్కడో ఏ సెంటర్లోనో చీటీ ఉంటుంది, తాళం మనింటికి కూడా పడుతుంది. నేను సీ-ఎడ్జ్ గురించి చెప్పింది ఇదే బాబూ.

అచ్చంపేట_అబ్బాయి:
మేడమ్, మొదటాయనది ఏడాదికి మార్చి, ఇద్దరివీ కలిపి సగటు తీస్తే సరిపోదా?

లెక్కల_మేడమ్:
తీయొచ్చు. చాలాసార్లు సగటు ఒక్కొక్కరి కంటే మెరుగ్గానే ఉంటుంది. కానీ ఎప్పుడు తీయాలన్నది చూడాలి. మొదట్లో మన ఓపీ 40కీ 10కీ సగటు తీసి 25 అని ఛైర్మన్ గారికి చెప్పి ఉంటే? అది ఏడాదికీ కాదు, ఐదేళ్లకూ కాదు. ఇద్దరిలో ఒక్కరూ అనని అంకె. ముందు విడివిడిగా రాయించాలి, కారణాలు ఒకరివి ఒకరికి చూపించాలి, మళ్లీ రాయించాలి, ఆ తర్వాతే కలపాలి. డెల్ఫ్ట్‌లో రోజర్ కుక్ అనే గణితవేత్త ఇంకో మెట్టు ఎక్కాడు. జవాబు ముందే తెలిసిన కొన్ని ప్రశ్నలు నిపుణులకు ఇచ్చి, వాళ్ల పరిధుల్లో నిజం ఎన్నిసార్లు పడిందో చూసి, దాన్నిబట్టి ఒక్కొక్కరి మాటకు బరువు వేస్తాడు. పేరును బట్టీ సర్వీసును బట్టీ కాదు.

మిల్లు_సిస్టమ్స్:
సరే, 8 నుంచి 35 అనుకుందాం. ఫైర్‌వాల్ కొనాలా వద్దా? ఛైర్మన్‌కు కావలసింది అదొక్కటే. మీ పరిధులు ఆయనకెందుకు?

పాలమూరు_పెన్‌టెస్టర్:
ఇది కరెక్ట్ ప్రశ్న. ఓపీ గారూ, ఆసుపత్రి పని వారం రోజులు ఆగిపోతే మీకు ఎంత పోతుంది? ఫైర్‌వాల్ ఎంత చెప్పారు?

నల్లగొండ_నెట్‌వర్క్:
సుమారుగా 20 లక్షలు అని అకౌంట్స్ వాళ్లన్నారు. ఫైర్‌వాల్, మూడేళ్ల లైసెన్స్ కలిపి నాలుగున్నర లక్షలు.

పాలమూరు_పెన్‌టెస్టర్:
ఏడాదికి లక్షన్నర. 8 శాతం దగ్గర మీ సగటు నష్టం ఏడాదికి లక్షా అరవై వేలు, 35 దగ్గర ఏడు లక్షలు. ఫైర్‌వాల్ రిస్క్ మొత్తం తీసేస్తే 8 దగ్గర కూడా ఖర్చుకు సరిపోతుంది. కానీ తీసేయదు. పెన్‌డ్రైవ్‌ను అది చూడదు, ఎనీడెస్క్‌ను మీరే లోపలికి రానిస్తారు. సగమే తగ్గిస్తుందనుకుంటే కింది అంచు దగ్గర నష్టం, పై అంచు దగ్గర లాభం. ఈ నిర్ణయం అంకె మీద ఆధారపడి ఉంది, అందుకే ఆగొచ్చు.

ఇంకో పని చూడండి. మేనేజ్డ్ స్విచ్చులు పెట్టి సీటీ కంప్యూటర్‌ను, ప్యాక్స్ సర్వర్‌ను వేరే వీల్యాన్‌లోకి (అవే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) మార్చడం, అవసరమైన దారి ఒక్కటే తెరవడం. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొని వంతులవారీగా బ్యాకప్ తీసి, ఒకటి ఎప్పుడూ తీగ పీకి బీరువాలో ఉంచడం. మొత్తం 60 వేలు దాటదు, ఐదేళ్లకు పంచితే ఏడాదికి 12 వేలు. మొదటి పరిధిలో అందరికంటే తక్కువ అంకె 2 శాతం తీసుకున్నా ఏడాదికి 40 వేల నష్టం. ఎవరి అంకె నమ్మినా ఇది చేయాల్సిందే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల డేటా దెబ్బతిన్నప్పుడు, నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. మీ ఆసుపత్రి జబ్బూ అదే.

మిల్లు_సిస్టమ్స్:
నేను మొదట్నుంచీ బ్యాకప్ అనే గదా మొత్తుకున్నది!

కృష్ణా_తీరం:
మొత్తుకున్నావు నిజమే. ఫైర్‌వాల్‌ను ఎందుకు ఆపాలో మాత్రం చెప్పలేదు. ఛైర్మన్ దగ్గర నిలబడేది ఆ లెక్కే.

దేవరకొండ_డెస్క్‌టాప్:
మేనేజ్డ్ స్విచ్ కొనేటప్పుడు వీల్యాన్‌తో పాటు యాక్సెస్ కంట్రోల్ లిస్టులు (ఏది ఎక్కడికి వెళ్లొచ్చో రాసే జాబితాలు) ఉన్నాయో లేదో చూడండి. చవకవాటిలో వీల్యాన్ ఉంటుంది, అది ఉండదు. షాపులో ఎవరూ చెప్పరు.

మిల్లు_సిస్టమ్స్:
మేడమ్, ఒక డౌట్ మిగిలింది. ఏడాది గడిచింది, ఏమీ కాలేదు అనుకోండి. 18 అన్నాయన కరెక్టా, తప్పా? 5 అన్నవాడు కూడా "చూశావా" అంటాడు. ఏ ఒక్కరినీ పట్టుకోలేం.

లెక్కల_మేడమ్:
ఒక్క సంఘటనతో పట్టుకోలేం, నిజమే. అందుకే తొందరగా తేలిపోయే చిన్న ప్రశ్నలు అడగాలి. ఉత్తుత్తి మోసపు మెయిల్ పంపితే స్టాఫ్‌లో నూటికి ఎంతమంది నొక్కుతారు? బిల్లింగ్ సర్వర్ పోయిందనుకుని డిస్క్ నుంచి తిరిగి తేవడానికి ఎన్ని గంటలు పడుతుంది? వారంలో సీటీ కంప్యూటర్‌కు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు పెడతారు? వీటికి పరిధులు ఇప్పించండి, కొలవండి. వీటిలోనే నిజం ఎప్పుడూ బయట పడుతుంటే, పెద్ద ప్రశ్నకు ఆయన ఇచ్చిన పరిధిని మీరే వెడల్పు చేసుకోవచ్చు.

నల్లగొండ_నెట్‌వర్క్:
ఛైర్మన్ గారు స్విచ్చులకు, డిస్కులకు ఒప్పుకున్నారు. ఫైర్‌వాల్ వచ్చే బడ్జెట్‌లో చూద్దామన్నారు. కంపెనీకి మా లెటర్‌హెడ్ మీద ఉత్తరం వెళ్లింది: మాకు వేరే పాస్‌వర్డ్ పెట్టాలి, మేం ఫోన్ చేసి ఆన్ చేస్తేనే ఎనీడెస్క్‌లోకి రావాలి.

ఆదివారం రాత్రి, అవుట్‌పేషెంట్లు లేనప్పుడు, పాత కంప్యూటర్ ఒకటి పెట్టి బిల్లింగ్, ల్యాబ్ రెండూ బ్యాకప్ నుంచి తెచ్చి చూస్తాను. ఎన్ని గంటలు పడుతుందో ఆడిటర్లను అడిగాను. మొదటాయన 2 నుంచి 4, రెండో ఆయన 3 నుంచి 14. మీరూ రాయండి. రాశాక ఎడిట్ చేయొద్దు.

పాలమూరు_పెన్‌టెస్టర్: 4 నుంచి 12.

మిల్లు_సిస్టమ్స్: 2 గంటలు. పరిధి గిరిధి లేదు.

సూర్యాపేట_స్కానింగ్: ల్యాబ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ డాంగిల్ (పెట్టకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోని చిన్న యూఎస్‌బీ ముక్క) ఎక్కడుందో వెతకడానికే 2 గంటలు. 5 నుంచి 20.

లెక్కల_మేడమ్: మీ సిస్టమ్స్ నాకు తెలియవు కాబట్టి 2 నుంచి 24.

వేదిక_మోడరేటర్: పై అంచనాలకు ఎడిట్ బటన్ ఆపేశాను.

నల్లగొండ_నెట్‌వర్క్:
బిల్లింగ్ రెండు గంటల్లోపే వచ్చింది. ల్యాబ్ డేటాబేస్ ఫైల్ తెరుచుకోలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు పొద్దున్నే ఫోన్ చేసి, పాత వెర్షన్ ఇన్‌స్టాలర్ తెప్పించి, డాంగిల్ వెతికి పెట్టేసరికి మొత్తం 13 గంటలు. డాంగిల్ క్యాష్ కౌంటర్ సొరుగులో దొరికిందక్కా.

సూర్యాపేట_స్కానింగ్:
మా దగ్గర కూడా అక్కడే ఉంటుంది.

మిల్లు_సిస్టమ్స్:
బిల్లింగ్ వరకు నేను కరెక్టే.

నల్లగొండ_నెట్‌వర్క్:
అన్నా, ప్రశ్న రెండింటికీ కలిపి! డాంగిల్, ఇన్‌స్టాలర్ రెండూ ఇప్పుడు డిస్కుతో పాటు బీరువాలో పెట్టాను. వచ్చే నెల మళ్లీ చేస్తాను, అప్పటికి కొత్త పరిధులు అడుగుతాను. పెన్‌డ్రైవ్‌ల లెక్కకు సీటీ గదిలో ఒక నోటుబుక్ పెట్టాను, టెక్నీషియన్ రాస్తున్నాడు.